జియు-జిట్సు పుస్తకం కొనేముందు, మీకు వచ్చిన పట్టునే అందులో వెతకండి

బ్రెజిలియన్ జియు-జిట్సు క్లాసులో చేరిన నెలకే నేనొక లావుపాటి పుస్తకం కొన్నాను. వందల కొద్దీ పట్లు, పేజీకి ఎనిమిది పది ఫొటోలు. ఒక రాత్రి పదకొండు దాకా కూర్చుని అందులో ఓపెన్ గార్డ్ (కింద ఉండి, కాళ్లు ముడివేయకుండా వాటితోనే ఎదుటివాళ్లని ఆపుతూ ఆడే పద్ధతి) చాప్టర్ మొత్తం చదివేశాను. ఎదుటివాళ్ల మోకాలి వెనక నా పాదం ఎక్కడ తగిలించాలి, మడమ దగ్గర ఎలా పట్టుకోవాలి, ఎటు లాగాలి, అంతా కంఠతా వచ్చేసింది. మర్నాడు మ్యాట్ మీద దాన్ని వేయబోయాను. పాదం తగిలించేలోపే పార్ట్‌నర్ నా మోకాళ్లు రెండూ పక్కకి తోసేసి ఛాతీ మీద పడ్డాడు. మిగతా నాలుగు నిమిషాలూ సైడ్ కంట్రోల్ కింద, అంటే పక్క నుంచి ఛాతీ మీద అదిమిపట్టిన మనిషి కింద, ఊపిరి వెతుక్కోవడంతోనే సరిపోయింది.

తప్పు పుస్తకానిది కాదు. మంచి పుస్తకమే, ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రోజు నాకు కావలసింది సైడ్ కంట్రోల్ కింద నుంచి బయటపడే దారి చెప్పే నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలు కూడా అందులోనే ఉన్నాయి. నేనే వాటిని తిరగేసి ముందుకెళ్లిపోయాను.

ఆ తర్వాత కొన్నవీ, అరువు తెచ్చుకున్నవీ, కొని పక్కన పడేసినవీ చాలానే ఉన్నాయి. ఆ తిప్పలన్నీ పడ్డాక ఇప్పుడు పుస్తకం ఎంచుకోవడానికి నేనేం చేస్తానో వరసగా చెబుతాను. మీరు మొదటి మెట్టైన వైట్ బెల్ట్ అయినా, ఆ తర్వాతి బ్లూ బెల్ట్ అయినా పద్ధతి ఒకటే.

1. ముందు రెండు వారాల లెక్క రాయండి

పుస్తకాల లిస్టుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. క్లాసు అవగానే, బ్యాగు సర్దుకునే ముందు, ఫోన్‌లోనో చిన్న నోట్‌బుక్‌లోనో మూడు లైన్లు రాయండి. ఈరోజు రోలింగ్‌లో (పార్ట్‌నర్ ఎదురు తిరుగుతుండగా చేసే ప్రాక్టీస్ పోరులో) ఎక్కడ ఇరుక్కున్నారు, దేనికి ట్యాప్ చేశారు (ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టారు), ఎక్కడ ఏం చేయాలో తోచక ఆగిపోయారు. అంతే. విశ్లేషణలు అక్కర్లేదు.

రెండు వారాల తర్వాత లెక్కేసి చూడండి. నా మొదటి లెక్క ఇలా ఉంది: సైడ్ కంట్రోల్ కింద 9 సార్లు, మౌంట్ (మన మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోవడం) కింద 5, ఎదుటివాళ్ల క్లోజ్డ్ గార్డ్‌లో (కిందున్నవాళ్లు మన నడుము చుట్టూ కాళ్లు ముడివేస్తే) ఇరుక్కుని లేవలేకపోవడం 6. నేను వేసిన సబ్మిషన్ (ఎదుటివాళ్లని ట్యాప్ చేయించే పట్టు) తప్పిపోవడం 0. ఎందుకంటే అక్కడిదాకా నేను వెళ్లనే లేదు. అలాంటి మనిషి ఓపెన్ గార్డ్ చాప్టర్ చదువుతూ కూర్చున్నాడు.

ఈ లెక్కే మీ షాపింగ్ లిస్టు. పుస్తకం చేతిలోకి రాగానే మొదట చూడాల్సింది, మీ లెక్కలో పైనున్న రెండు పొజిషన్లకి అందులో ఎన్ని పేజీలు ఇచ్చారన్నది. మూడొందల పేజీల పుస్తకంలో ఎస్కేప్‌లకి పది పేజీలే ఉంటే, అది కొత్తవాళ్ల కోసం రాసింది కాదు. అట్ట మీద ‘బిగినర్స్’ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా సరే.

సౌలో రిబీరో 2008లో తెచ్చిన ‘జియు-జిట్సు యూనివర్సిటీ’ ఇన్నేళ్లుగా క్లాసుల్లో చేతులు మారుతూ ఉండటానికి కారణం అందులోని పట్లు కావు, వాటిని పేర్చిన వరస. వైట్ బెల్ట్‌కి బతికి బట్టకట్టడం, బ్లూ బెల్ట్‌కి తప్పించుకోవడం, పర్పుల్‌కి గార్డ్, బ్రౌన్‌కి గార్డ్ పాసింగ్ (ఎదుటివాళ్ల కాళ్లని దాటి వెళ్లడం), చివర్న బ్లాక్ బెల్ట్‌కి సబ్మిషన్లు. ‘సబ్మిషన్లు చివర్నా?’ అని మీకు చిరాకు రావచ్చు. నాకూ వచ్చింది. ఆ వరసని అక్షరాలా పాటించాలని నేనూ అనను, వైట్ బెల్ట్‌కి కూడా ఒక చోక్ (మెడ బిగించే పట్టు), ఒక ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి వంచే లాక్) వచ్చి ఉండాలి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అని ఒక నిర్ణయం తీసుకున్న పుస్తకానికీ, ఉన్న పట్లన్నీ గంపలో పోసిన పుస్తకానికీ తేడా ఏమిటో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకా క్లాసులోనే చేరని వాళ్లకో మాట. పట్ల పుస్తకం ఇప్పుడే కొనకండి. మనిషి బరువు ఛాతీ మీద పడితే ఎలా ఉంటుందో ఒక్కసారైనా తెలియకుండా ఎస్కేప్ గురించి చదవడమంటే గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడమే. నెల రోజులు క్లాసుకి వెళ్లండి, తర్వాత పుస్తకం సంగతి చూద్దాం.

2. మీకు కావలసింది ఏ రకమో తేల్చుకోండి

మొత్తం మీద ఈ పుస్తకాలు నాలుగైదు రకాలు. అన్ని పొజిషన్లనీ చుట్టేసే సర్వసంగ్రహం ఒకటి. హాఫ్ గార్డ్ (కింద ఉండి ఎదుటివాళ్ల ఒక్క కాలినే మన కాళ్ల మధ్య బిగించడం) అనో బ్యాక్ కంట్రోల్ (వీపు వైపు నుంచి పట్టేయడం) అనో ఒక్క విషయమే తీసుకుని లోతుకి వెళ్లేది ఇంకొకటి. పట్లు తక్కువగా ఉండి బరువు, కోణం, పట్టు, ఫ్రేమ్ (చేతి ఎముకతో అడ్డు పెట్టడం) లాంటి సూత్రాలు చెప్పేది మూడోది. చరిత్ర, జీవిత కథలు సరేసరి. ప్రాక్టీస్ రాసుకునే డైరీలు కూడా అమ్ముతారు, వాటి బదులు మామూలు నోట్‌బుక్ చాలు.

మొదటి ఏడాదికి ఒక సర్వసంగ్రహం చాలు. ఒక్క విషయం మీద రాసినవి, ఆ పొజిషన్‌లో మీకు ప్రశ్నలు పుట్టాకే పనికొస్తాయి. హాఫ్ గార్డ్‌లో రోజూ పడుతూ, ‘అండర్‌హుక్ (చంక కింద నుంచి వేసే చేతి పట్టు) దొరికాక కూడా నన్ను నేలకి ఎందుకు అదిమేస్తున్నారు?’ అని అడగగలిగినప్పుడు హాఫ్ గార్డ్ పుస్తకం బంగారం. అంతకుముందు అదంతా ఫొటోల ఆల్బమ్.

సూత్రాల పుస్తకాల విషయంలో నాదో చిన్న పట్టింపు. ఇవి చదువుతుంటే అంతా అర్థమైపోయినట్టు ఉంటుంది, మ్యాట్ మీద ఏమీ చేయలేం. అయినా రెండో ఏడాదిలో మళ్లీ తెరిస్తే, అప్పుడు తలకెక్కని వాక్యాలు టక్కున వెలుగుతాయి. కొంటే కొనండి, తొందరేం లేదు.

3. గి ఉందా లేదా, ఏ ఏడాది అచ్చయిందో చూడండి

ఇది రెండు నిమిషాల పని. కానీ దీన్ని వదిలేసి పొరబడ్డవాళ్లే ఎక్కువ. మీ క్లాసులో గి (కాలర్ ఉన్న మందపాటి ప్రాక్టీస్ దుస్తులు) వేసుకోకుండా టీషర్టు, షార్ట్స్‌తో ప్రాక్టీస్ చేస్తే, కాలర్, చేతి అంచు పట్టుకుని చేసే పట్లతో నిండిన పుస్తకం సగానికి సగం మీకు పనికిరాదు. అటుది ఇటైనా ఇంతే. లోపలి ఫొటోలు నాలుగు చూస్తే చాలు, ఎదుటివాళ్లని దేంతో పట్టుకుంటున్నారో తెలిసిపోతుంది.

అచ్చయిన ఏడాది ఎందుకంటే, ఈ విద్యలో కొన్ని భాగాలు పాతబడతాయి, కొన్ని పడవు. మౌంట్ నుంచి వేసే క్రాస్ కాలర్ చోక్ పాతబడదు. రోజర్ గ్రేసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో బ్లాక్ బెల్ట్‌లని పదే పదే ఓడించింది దాంతోనే. క్లాసులో తొలి నెలల్లోనే చెప్పే పట్టు అది. ఎస్కేప్‌లు కూడా పెద్దగా మారలేదు. కాళ్ల మీద వేసే లాక్‌ల సంగతి అలా కాదు. పాత పుస్తకాల్లో వాటికి చివర్న నాలుగు పేజీలు విదిల్చేవారు. ఇప్పుడు అదొక పెద్ద శాఖ.

పోటీల గురించి రాసిన పుస్తకమైతే రూల్స్ చాప్టర్‌ని నమ్ముకోకండి. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) పోటీల్లో పాయింట్ల లెక్క ఇది: టేక్‌డౌన్ (నిలబడ్డవాళ్లని పడగొట్టడం), స్వీప్ (కింద గార్డ్ నుంచి తిరగేసి పైకి రావడం), నీ ఆన్ బెల్లీ (పొట్ట మీద మోకాలు ఆనించడం) ఒక్కోదానికి 2, గార్డ్ పాస్ చేస్తే 3, మౌంట్ లేదా బ్యాక్ కంట్రోల్‌కి 4. ఇది మీరు ఏ పుస్తకంలోనైనా చూస్తారు. కానీ ఏ బెల్ట్‌కి ఏ పట్టు అనుమతి అన్నది మారుతూ ఉంటుంది. మడమ పట్టి మోకాలిని మెలిపెట్టే హీల్ హుక్‌నే చూడండి. ఐబీజేజేఎఫ్ దాన్ని నో-గిలో పెద్దల బ్రౌన్, బ్లాక్ బెల్ట్‌లకి 2021 నుంచి అనుమతించింది. అంతకుముందు అచ్చయిన పుస్తకంలో అది పూర్తిగా నిషిద్ధమనే ఉంటుంది. పోటీకి వెళ్లేముందు నిర్వాహకుల దగ్గర తాజా రూల్ బుక్ చూసుకోవడమే సరైన పని.

జూడో పుస్తకాలు పనికొస్తాయా అని చాలామంది అడుగుతారు. పనికొస్తాయి, ఒక హద్దు దాకా. కానో జిగోరో 1882లో మొదలుపెట్టిన కొడోకాన్ జూడోలోంచే ఈ విద్య చీలింది. ఆయన బడిలో చదువుకున్న మాయెదా మిత్సుయో 1914లో బ్రెజిల్ చేరాడు, ఈ విద్యని అక్కడ పెంచిన గ్రేసీ కుటుంబంలో కార్లోస్ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. అందుకే ఆర్మ్‌బార్, చోక్, నేలకి అదిమిపట్టడం ఇవన్నీ జూడో పుస్తకాల్లో శుభ్రంగా ఉంటాయి. కానీ జూడోలో ఎదుటివాళ్లని వెల్లకిలా 20 సెకన్లు అదిమితే పోటీ అయిపోయినట్టే. మనకి అసలు ఆట మొదలయ్యేదే అక్కడ. కాబట్టి కింద పడుకుని గార్డ్ ఆడటం గురించి జూడో పుస్తకాల్లో మీకు దొరికేది తక్కువ.

4. మీకు బాగా వచ్చిన పట్టు పేజీ తెరవండి

ఇక్కడ కాస్త ఆగి నింపాదిగా చూద్దాం. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే పెట్టుకోండి.

కొత్త పుస్తకం చేతిలో ఉంటే అందరం కొత్త పట్ల వైపే పరిగెడతాం. అది పరీక్ష కాదు. మీకు రానిది పుస్తకం సరిగ్గా చెప్పిందో లేదో మీకెలా తెలుస్తుంది? అందుకని, మీకు వచ్చిన పట్టు ఒకటి ఎంచుకోండి. కోచ్ పాతిక సార్లు సరిదిద్దితే వచ్చింది, రోలింగ్‌లో నిజంగా పనిచేసింది. ఆ పేజీ తెరిచి, కోచ్ చెప్పినవన్నీ అందులో ఉన్నాయో లేదో చూడండి. మీకు తెలిసినదాన్నే సరిగ్గా చెప్పలేని పుస్తకం, తెలియనిదాన్ని చెబుతుందని నమ్మడానికి ఆధారం లేదు.

నేను వాడే పరీక్ష పట్టు మౌంట్ కింద నుంచి ఎల్బో ఎస్కేప్. ఏ సర్వసంగ్రహంలోనైనా ఉంటుంది కాబట్టి పోల్చడం తేలిక.

నాసిరకం పేజీ ఇలా ఉంటుంది. మొదటి ఫొటోలో ఒకరు కింద, ఒకరు పైన. రెండో ఫొటోలో కిందున్న మనిషి పక్కకి తిరిగి ఉన్నాడు. మూడో ఫొటోలో క్లోజ్డ్ గార్డ్ వచ్చేసింది. కింద రెండు వాక్యాలు: నడుము పక్కకి జరపండి, గార్డ్‌లోకి రండి. అసలు రామాయణమంతా రెండో ఫొటోకీ మూడో ఫొటోకీ మధ్య జరిగిపోయింది, దాని గురించి ఒక్క ముక్క లేదు.

మంచి పేజీ ఏం చెప్పాలంటే, మొదట మోచేతులు రెండూ డొక్కలకి అంటించమని చెప్పాలి. చేతులు చాచి ఎదుటివాళ్ల ఛాతీని తోస్తే ఆర్మ్‌బార్ ఇచ్చినట్టేనని హెచ్చరించాలి. వీలైతే ఆ తప్పుని ఫొటోతో సహా చూపించాలి. తర్వాత, నడుము కొంచెం ఎగరేసి ఎదుటివాళ్లు చేతులు నేలకి ఆనించేలా చేసి, ఆ క్షణంలోనే కుడి పక్కకి తిరగమనాలి. తిరిగినప్పుడు కుడి కాలు నేలకి అతుక్కుని చాపి ఉండాలి, ఎడమ పాదం నేల మీద నిలబెట్టి తోసుకోవాలి. ఈ కుడి కాలి మాట సగం పుస్తకాల్లో ఉండదు. కాలు మడిచి మోకాలు పైకి లేపితే అది ఎదుటివాళ్ల కాలి కిందికి దూరదు. నేను మూడు నెలలు తిప్పలు పడింది దీనితోనే. ఒకరోజు కోచ్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా, నా మోకాలి మీద అరచెయ్యి పెట్టి నేలకి నొక్కాడు. కాలు దూరిపోయింది.

ఆ తర్వాత ముంజేతితో ఎదుటివాళ్ల మోకాలికి అడ్డం పెట్టాలి. అరచేతితో తోయడం కాదు, ముంజేయి ఎముకని గుంజలా నిలబెట్టడం. మోకాలిని మనం కిందికి తోసేయం, అది అక్కడే ఉంటుంది, మన నడుమే వెనక్కి జరుగుతుంది. ఏర్పడ్డ సందులోంచి మన మోకాలు వచ్చి మోచేతిని తాకాలి. అక్కడికి సగం పని అయింది. ఇప్పుడు రెండో పక్కకి తిరిగి మళ్లీ ఇదంతా చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మంచి పేజీ ‘వాళ్లు ఒప్పుకోకపోతే?’ అన్నదానికి జవాబిస్తుంది. ఎదుటివాళ్లు పాదాలు మీ కాళ్ల లోపలికి మెలివేసి బిగించి ఉంటే నడుము జరగదు, ముందు ఆ మెలిక విడిపించాలి. మెడ కింద చెయ్యి వేసి తల వాటేసుకుని ఉంటే పక్కకి తిరగలేరు. ఈ రెండిట్లో ఒక్కదాని ఊసైనా లేకపోతే, ఆ రచయిత బొమ్మకి ఎస్కేప్ నేర్పుతున్నాడు, మనిషికి కాదు.

ఇదే పరీక్ష ట్రయాంగిల్ చోక్‌తో (ఎదుటివాళ్ల మెడనీ ఒక చేతినీ కాళ్లతో బిగించే పట్టుతో) పెట్టొచ్చు, సిజర్ స్వీప్‌తో పెట్టొచ్చు. ట్రయాంగిల్ పేజీలో అయితే నేను వెతికేది ఒక్కటే. తల పట్టుకుని లాగమని మాత్రమే చెప్పిందా, లేక నడుము పక్కకి తిప్పి కోణం మార్చమని చెప్పిందా? కోణం మాట లేకపోతే పుస్తకం మూసేస్తాను.

5. ఫొటోలని అనుమానంగా చూడండి

ఈ పుస్తకాల్లో చదవాల్సింది మాటలకన్నా ఫొటోలనే ఎక్కువ. ముందుగా రంగులు. ఇద్దరూ తెల్ల గి వేసుకుని ఉంటే, కాళ్లూ చేతులూ పెనవేసుకున్నాక ఏ కాలు ఎవరిదో తెలియదు. అందుకే మంచి పుస్తకాల్లో ఒకరికి తెలుపు, ఇంకొకరికి నీలం వేస్తారు. చిన్న విషయమే అయినా ప్రచురణలో ఎంత శ్రద్ధ పెట్టారో దీంతోనే తెలుస్తుంది. ఈబుక్ కొనేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. నలుపు తెలుపు స్క్రీన్ ఉన్న రీడర్‌లో నీలం గి బూడిద రంగులోకి మారుతుంది, దానిపక్కన నీడ పడ్డ తెల్ల గి కూడా బూడిద రంగే. ఫోన్‌లో రంగు ఉంటుంది గానీ ఒక్కో ఫొటో గోరంత కనిపిస్తుంది. రంగు స్క్రీన్ ఉన్న పెద్ద ట్యాబ్లెట్ లేకపోతే అచ్చు పుస్తకమే మేలు.

తర్వాత కెమెరా ఎక్కడుందో చూడండి. ఒక వైపు నుంచే తీస్తే రెండో చెయ్యి ఏం చేస్తోందో కనబడదు, మన కొంప మునిగేది ఆ కనబడని చేతి దగ్గరే. అదే క్షణాన్ని అవతలి వైపు నుంచి కూడా చూపించే పుస్తకానికి నేను రెండు మార్కులు ఎక్కువే వేస్తాను. కాలర్ పట్టు లాంటి చోట దగ్గర నుంచి తీసిన ఫొటో ఉండాలి. క్రాస్ కాలర్ చోక్‌లో మొదటి చెయ్యి నాలుగు వేళ్లూ కాలర్ లోపలికి, అరచెయ్యి పైకి, మెడ వెనక దాకా వెళ్లాలి. దూరం నుంచి తీసిన ఫొటోలో కనిపించేది ఒక పిడికిలి మాత్రమే. వేళ్లు లోపలున్నాయా, బొటనవేలు లోపలుందా అన్నది కనీసం రాతలోనైనా చెప్పకపోతే ఆ చోక్ మీ చేతిలో పనిచేయదు.

ఒక పట్టుకి ఇన్ని ఫొటోలుండాలని లెక్కేం లేదు. అయినా వరస ఫొటోలు చూస్తూ, ‘దీని నుంచి దీనికి ఎలా వచ్చారు?’ అని రెండు చోట్ల ఆగాల్సి వస్తే, అక్కడ ఒక ఫొటో తక్కువైనట్టే.

బైండింగ్ గురించి కూడా. పుస్తకం నేల మీద పెడితే తెరుచుకుని ఉండాలి. వదలగానే మూసుకుపోయే పుస్తకంతో, ఒక చేత్తో పేజీ నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో పార్ట్‌నర్ కాలర్ పట్టుకోవాలి. పుస్తకం హస్తభూషణం అంటారు గానీ, ఇక్కడ చేతులకి వేరే పని ఉంది.

6. చివరి పేజీల్లో ఇండెక్స్ వెతకండి

ఇది చిన్న అంకం. జపనీస్, పోర్చుగీస్, ఇంగ్లిష్ కలగలిసిన విద్య కాబట్టి ఒక్కో పట్టుకి రెండు మూడు పేర్లు. వెనక నుంచి మెడకి చేయి చుట్టి వేసే చోక్‌ని ఒకరు రేర్ నేకెడ్ అంటారు, ఇంకొకరు మాతా లియావ్ అంటారు, జూడోవాళ్లు హదాకా జిమే అంటారు. జూడోలో గ్యాకు ఉడే గరామి అనే చేతి మెలికే మనకి కిమురా. 1951లో కిమురా మసాహికో బ్రెజిల్ వెళ్లి ఎలియో గ్రేసీని దాంతోనే ఓడించాడు, ఓడినవాళ్లే ఆ పట్టుకి గెలిచినవాడి పేరు పెట్టుకున్నారు. ఈ విద్యలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

మీ క్లాసులో ఏ పేర్లు వాడతారో పుస్తకంలో అవే ఉంటే సుఖం. లేకపోయినా ఇండెక్స్‌లో రెండు పేర్లూ ఇస్తే చాలు. ఇండెక్స్ లేని సర్వసంగ్రహం మాత్రం కొనకండి. క్లాసు నుంచి వచ్చి ‘ఇందాక జరిగిందేంటి?’ అని వెతుక్కోవడానికే కదా పుస్తకం. వీడియోల కన్నా పుస్తకం పైచేయి అయ్యేది సరిగ్గా ఇక్కడే. కదలిక చూడాలంటే వీడియోని మించింది లేదు. కానీ నలభై నిమిషాల వీడియోలో మీకు కావలసిన పది సెకన్లు ఎక్కడున్నాయో వెతికే సరికి తెల్లారుతుంది.

7. రచయిత పతకాలు కాదు, పాఠం చూడండి

చాంపియన్ రాస్తే మంచిదే, కానీ అది చాలదు. పెద్ద ఆటగాళ్లలో చాలామంది తాము చేసేది ఆలోచించకుండా చేస్తారు, అడిగితే మాటల్లో చెప్పలేరు. అందుకే చాలా పుస్తకాలకి ఒక ఆటగాడు, ఒక రాసే మనిషి కలిసి పనిచేస్తారు. ‘జియు-జిట్సు యూనివర్సిటీ’ కూడా అలా సహరచయిత కెవిన్ హోవెల్‌తో కలిసి వచ్చిందే. రెండో పేరు ఉందంటే తక్కువగా చూడకండి. చాలాసార్లు వాక్యాలు అర్థమయ్యేలా ఉన్నాయంటే ఆ రెండో మనిషి చలవే.

శరీరం కూడా చూసుకోవాలి. పొడుగు కాళ్లవాళ్లకి ట్రయాంగిల్ ఒళ్లో వచ్చి పడుతుంది. పొట్టిగా, దిట్టంగా ఉండేవాళ్లు అదే పేజీ చదివి ఎంత లాగినా కాలు మోకాలి కింద బిగుసుకోదు. ఒకరి సొంత ఆట గురించి రాసిన పుస్తకమైతే, ఆ ‘ఒకరు’ మీలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లో కారో చూడండి. నడుము సరిగా వంగని వాళ్లు, నలభై దాటాక మొదలుపెట్టినవాళ్లు, కాళ్లు తల వెనక్కి వెళ్లే గార్డ్‌ల పుస్తకాలకి దూరంగా ఉండటం మంచిది. నేను రెండు లెక్కల్లోకీ వస్తాను.

8. కొన్నాక ఒక్క పేజీతో మొదలుపెట్టండి

మొదటి నుంచి చివరి దాకా చదవొద్దు. మీ రెండు వారాల లెక్క తీసి, పైనున్న పొజిషన్‌కి వెళ్లి, అందులో ఒకే ఒక్క ఎస్కేప్ ఎంచుకోండి. రెండు మూడు వారాలు దానితోనే ఉండండి. క్లాసుకి ముందు కోచ్‌కి చూపించి, ‘ఇది మీరు చెప్పినదానికి తేడాగా ఉంది, ఏది చేయమంటారు?’ అని అడగండి. దాచిపెట్టి చేయడం కన్నా ఇది మర్యాద, పైగా లాభం. చాలాసార్లు, ‘రెండూ సరైనవే, మీకు ఇది బాగుంటుంది’ అంటారు.

పార్ట్‌నర్‌కి ముందే చెప్పండి, ‘పుస్తకంలో చూసింది ప్రయత్నిస్తున్నా’ అని. మొదట పదిసార్లు ఏ ప్రతిఘటనా లేకుండా మెల్లగా, తర్వాత వాళ్లు పావు వంతు బలం పెడితే, ఆ తర్వాత సగం. పూర్తి రోలింగ్‌లోకి దాన్ని తేవడానికి తొందరపడకండి. ఒడుపు దొరికే దాకా అది పనిచేయదు. ఆ ఒడుపు పుస్తకంలో ఉండదు, పదిహేనో సారో ఇరవయ్యో సారో ఒంటికి తగులుతుంది. తగిలిన రోజు, ఏం మారిందో ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. నా పుస్తకంలో ఎల్బో ఎస్కేప్ పేజీలో ‘కుడి మోకాలు నేలకి’ అని ఉంది, కింద మూడు గీతలతో.

పుస్తకం చూసి సొంతంగా ప్రయత్నించకూడనివి కొన్ని ఉన్నాయి. హీల్ హుక్ మొదటిది. మోకాలికి నొప్పి తెలిసేసరికే లోపల లిగమెంట్ దెబ్బతిని ఉండొచ్చు, ట్యాప్ చేసే వ్యవధి ఉండదు. మెడని మెలిపెట్టే పట్లు రెండోది. పక్క నుంచి ఎగిరి రెండు కాళ్లతో కత్తెర వేసి పడగొట్టే ‘కని-బసామి’ అనే పట్టు మూడోది. అది ఐబీజేజేఎఫ్‌లోనూ జూడోలోనూ నిషిద్ధం, పాత పుస్తకాల్లో మాత్రం ఫొటోలతో సహా కనిపిస్తుంది. ఈ మూడూ కోచ్ పక్కన నిలబడి చూపించినప్పుడే. ఇక ఏ చోక్ అయినా, ఏ లాక్ అయినా, పార్ట్‌నర్ ఒకసారి తట్టగానే వదిలేయాలి. తట్టారో లేదో అని అనుమానం వచ్చినా వదిలేయాలి.

రెండో పుస్తకం ఎప్పుడంటే

మీ లెక్క మారినప్పుడు. ఆర్నెల్లకోసారి మళ్లీ రెండు వారాలు రాయండి. ఏడాదిన్నర తర్వాత నా లెక్కలో సైడ్ కంట్రోల్ 9 నుంచి 2కి దిగింది, ఎప్పుడూ లేని హాఫ్ గార్డ్ 7తో పైకొచ్చి కూర్చుంది. అప్పుడు కూడా ముందు ఇంట్లో ఉన్న పుస్తకంలోనే హాఫ్ గార్డ్ చాప్టర్ చదివాను. అది అయిపోయాక ఇంకా ప్రశ్నలు మిగిలాయి, అప్పుడు హాఫ్ గార్డ్ మీద విడిగా ఒకటి కొన్నాను. కొనేముందు తోటివాళ్ల దగ్గర రెండు అరువు తెచ్చుకుని, నాలుగో అంచెలో చెప్పిన పరీక్ష పెట్టాను. ఒకటి ఫెయిలయింది.

పాత పుస్తకం అమ్మేయకండి. ఓపెన్ గార్డ్ నేర్చుకునే రోజు నాకు మూడో ఏడు వచ్చాకే వచ్చింది. ఆ లావుపాటి పుస్తకం తీసి, మొదటి నెలలో రాత్రి పదకొండు దాకా చదివిన చాప్టర్ మళ్లీ తెరిచాను. మొదటి పట్టు పక్కన మార్జిన్‌లో నా చేతిరాత ఉంది: ‘ఇది వచ్చేసింది.’